యక్షరాణి రాసిన ఉత్తరం

కళ్ళద్దాల షాపు, మేడ మీది గది
ఆదివారం సాయంత్రం

అక్కా,

నీ పెట్టె చేరింది. పదిహేడు నోటు పుస్తకాలు, రెండు పటాలు, పాచికల సంచీ అన్నీ భద్రంగా ఉన్నాయి. పైన అంటించిన చీటీ కూడా చదివాను: "ఒక్క కాగితం పోయినా తాట తీస్తాను." నువ్వు ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిన రెండు నెలలకి నీ మాట మళ్ళీ విన్నట్టయింది.

ఇవాళ మొదటిసారి నీ కుర్చీలో కూర్చుని ఆట నడిపాను. మంచి సంగతులు ముందు చెప్తాను, అవి తక్కువ కాబట్టి. ముగ్గురూ వచ్చారు. బేకరీ బాబాయి ట్రే నిండా బన్నులు తెచ్చాడు. నర్సమ్మ డ్యూటీ మార్చుకుని మరీ వచ్చింది. మన కోర్టు, పేరుకే కోర్టు గానీ వకీలు దగ్గర టైపు కొట్టే మనిషి కాబట్టి, కొత్త రిబ్బను వాసనతో వచ్చాడు. మా ఓనరు షట్టరు దింపుతూ, ఇంతకీ పైన ఏం ఆట అని అడిగాడు. తలా ఒక వేషం ఎత్తుకుంటాం, ఒకరు కథ నడుపుతారు, ఏది నెగ్గుతుందో పాచికలు చెప్తాయి అన్నాను. ఎవరు గెలుస్తున్నారన్నాడు. పన్నెండేళ్ళుగా ఇంకా ఎవరూ గెలవలేదండీ అన్నాను. జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

ఇక నా నిర్వాకం. నీ చరిత్ర నీకే అప్పజెప్తున్నానని విసుక్కోకు, ఎక్కడ తప్పానో నువ్వు పట్టుకోవాలి కదా. మనుషుల కోటకీ యక్షుల అడవికీ మధ్య మూడు వంతెనలు. వాటిని కాపాడాలనేది నర్సమ్మ నడిపే వంతెన పక్షం. కూల్చేసి అడవి మూసుకోవాలనేది బాబాయి నడిపే తలుపు పక్షం. కోర్టు కోట తరఫు రాయబారి, ఎటు గాలి వీస్తే అటు. అసలు తగువంతా నలభై ఏళ్ళ కిందట నడి వంతెన మీద మాయమైన యక్షరాణి గురించి. మనుషులే చంపారని తలుపు పక్షం, తనంతట తనే వెళ్ళిపోయిందని వంతెన పక్షం.

నేను రెండు వారాలు కూర్చుని ఆ రాణి పేర ఒక ఉత్తరం తయారు చేశాను. కాగితాన్ని టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టాను. "నేను బతికే ఉన్నాను, వంతెనలు కూల్చకండి." చదువుతుంటే నా నత్తి కూడా పెద్దగా అడ్డం రాలేదు. బాబాయి బన్ను నమలడం మర్చిపోయాడు. అప్పుడు కోర్టు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "చిన్న అనుమానం. యక్షులకి రాత ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. మొదటి పుస్తకం మొదటి పేజీలోనే నువ్వు రాశావు, యక్షులకి లిపి లేదు, వాళ్ళ కొలువులో నోటితో చెప్పిందే జరిగినట్టు లెక్క, చెప్పనిది జరగనట్టే. పన్నెండేళ్ళు ఆడినవాణ్ణి, నాకే గుర్తు రాలేదు. పోనీ వెనక్కి తీసుకుందామంటే మన బల్ల చట్టం ఉండనే ఉంది, కథ నడిపే మనిషి ఒకసారి అన్నది ఇక తుడిచేది లేదు. వచ్చే వారం తెలుస్తుందని చెప్పి కిందికి పారిపోయాను.

ఒక్కసారి షాపుకి ఫోన్ చెయ్యక్కా. నీ చేత నాలుగు తిట్లు తింటే గానీ నాకు దారి తోచదు.

నీ తమ్ముడు

*

బస్ డిపో, దొరికిన సామాన్ల గది
గురువారం

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. టీ నీళ్ళలో ముంచావా? ఆ శ్రద్ధలో సగం మొదటి పేజీ చదవడం మీద పెట్టి ఉంటే సరిపోయేది.

ముందు ఫోన్ సంగతి. ఇక్కడ ఫోన్ ఒకటే, అది మేనేజరు బల్ల మీద ఉంటుంది, ఆయన దాన్ని సొంత బిడ్డలా చూసుకుంటాడు. కాబట్టి ఉత్తరాలే. నీకూ రాత మెరుగుపడుతుంది.

పని బాగానే ఉంది. బస్సుల్లో జనం మర్చిపోయినవాటికి చీటీ కట్టి అలమరలో పెట్టాలి. నిన్న ఒక్కరోజే నాలుగు గొడుగులు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు, ఎడమ కాలి చెప్పు ఒకటి వచ్చాయి. ఆ మహానుభావుడు కుడి చెప్పు ఒక్కదానితో ఇంటిదాకా ఎలా వెళ్ళాడో అని మధ్యాహ్నమంతా ఆలోచించాను. పదిహేనేళ్ళు మైకు ముందు కూర్చుని బస్సుల నంబర్లు పిలిచాక ఈ నిశ్శబ్దం ఒంటికి పడుతోంది.

ఇక నీ నేరం. తప్పు చేశానని వాళ్ళ ముందు ఒప్పుకున్నావో, బస్సెక్కి వచ్చి మరీ మొట్టికాయ వేస్తాను. ఎదురు నది ఎలా పుట్టిందనుకున్నావు? పటం గీసిన రోజు బాణం గుర్తు తిరగేసి వేశాను. కోర్టు పట్టుకున్నాడు. అవును, ఈ నది కొండెక్కుతుంది, యక్షులు శపించారు అన్నాను. ఎందుకు శపించారో కనిపెట్టడానికి మీకు ఏడాదిన్నర పట్టింది, నాకూ అంతే పట్టింది. బాబాయి సేనాపతిని నేను రెండుసార్లు చంపాను, మొదటిసారి చంపిన సంగతి మర్చిపోయి. అందుకే వాడికి ఉన్నట్టుండి కవల సోదరుడు పుట్టుకొచ్చాడు. ఆ చరిత్ర అంతా నా మతిమరుపు, మీ తెలివి.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే. నోరు మూసుకుని వాళ్ళని మాట్లాడనివ్వు. ఆ ఉత్తరం రాసిందెవరో వాళ్ళే చెప్తారు. ముందే తెలిసినవాడిలా తల ఊపు, చాలు.

నీ కుర్చీ అనడం నేర్చుకో. నాది కాదు అది ఇప్పుడు.

అక్క

*

కళ్ళద్దాల షాపు, మేడ మీది గది
సోమవారం

అక్కా,

నాలుగు ఆదివారాలు తల ఊపాను, మెడ పట్టేసింది. నువ్వన్నట్టే వాళ్ళు మాట్లాడుతున్నారు, కానీ ఎవరి మాటా ఎవరూ వినడం లేదు. బాబాయి ఉత్తరం దొంగదంటాడు, వంతెన పక్షమే పుట్టించిందంటాడు. మేము అంత నీచులమా అని నర్సమ్మ. నిన్న నిజంగానే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఆట అయ్యాక బాబాయి మిగిలిన బన్నులు ట్రేతో సహా పట్టుకుపోయాడు. పన్నెండేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. నెలాఖరు ఆదివారం ఓటు పెట్టాం. ఉత్తరం దొంగదని తేలితే మూడు వంతెనలూ కూలుతాయి. వంతెనలు పోతే కథ లేదు, కథ లేకపోతే ఈ ముగ్గురూ మళ్ళీ ఒక బల్ల దగ్గర కూర్చుంటారన్న నమ్మకం నాకు లేదు. నువ్వు పన్నెండేళ్ళు నిలబెట్టినదాన్ని నేను నెల రోజుల్లో కూల్చేలా ఉన్నాను.

దారి దొరుకుతుందేమోనని పుస్తకాలన్నీ మొదటినుంచీ చదివాను. మూడో పుస్తకంలో కొలువు మర్యాదలన్న పేజీ దగ్గర ఆగిపోయాను. పేజీ అంతా నల్ల సిరా, నీ గుండ్రటి రాత. అట్టడుగున మాత్రం బాల్‌పెన్నుతో హడావిడిగా గీకావు: "గొప్పింటి యక్షులు మొదటి అక్షరాన్ని మూడు నాలుగుసార్లు పలుకుతారు. ఒక్కసారితో అనేసేవాళ్ళు కొత్తగా పైకొచ్చినవాళ్ళు." పక్కన తేదీ. అది నేను మొదటిసారి బల్ల దగ్గర కూర్చున్న రోజు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. షాపులో చేరి నెల. ఇరవై రెండేళ్ళొచ్చినా టీ కావాలని అడగడానికి కూడా చెయ్యి ఊపేవాణ్ణి. నువ్వు బలవంతం చేస్తే యక్షదూతగా లేచి "మ మ మ మహారాజా" అన్నాను. ఆ పూట చూడటానికొచ్చిన ఒకాయన పకపకా నవ్వాడు. నువ్వు తల కూడా ఎత్తకుండా, "నవ్వకండి, ఆ దూత చాలా పెద్దింటివాడు" అని ఏదో రాసుకుంటూ కూర్చున్నావు. ఆ తర్వాత బాబాయి తన సేనాపతికి హోదా రావాలని ఓవెన్ ముందు నిలబడి నత్తి సాధన చేశాడు. కోర్టు ప్రతి వాదనా "అ అ అ అధ్యక్షా" అని మొదలుపెట్టేవాడు. అందరి కంటే గొప్ప యక్షుణ్ణి నేనే, సాధన లేకుండా వచ్చేది నాకొక్కడికే.

ఆ మర్యాద ముందునుంచీ నీ చరిత్రలో ఉందనీ, నా అదృష్టం కొద్దీ నాకు కలిసొచ్చిందనీ ఇన్నేళ్ళూ అనుకున్నానక్కా. ఒక జాతి నడవడినే నా కోసం నిలబడ్డపాటున మార్చేశావని నిన్న తెలిసింది. ఆ రోజు నువ్వు ఆ మాట అనకపోయి ఉంటే నేను ఇవాళ కౌంటరు ముందు నిలబడి కస్టమర్లతో మాట్లాడేవాణ్ణి కాదు. నీకు ఎంత రుణపడ్డానో చెప్పడానికి నాకు మాటలు చాలడం లేదు, ఈసారి తప్పు నత్తిది కాదు.

ఇవి కాగితం మీద చెప్పే సంగతులు కావు. మేనేజరు ఏమన్నా అననీ, ఈ వారం డిపోకి ఫోన్ చేస్తాను.

తమ్ముడు

*

బస్ డిపో, దొరికిన సామాన్ల గది
బుధవారం

చిన్నోడా,

అవును, అప్పటికప్పుడు అల్లాను. దానికింత రాద్ధాంతం ఎందుకు? ఆ నవ్వినవాడి మీద అరవాలనిపించింది, అరిస్తే నువ్వు మళ్ళీ ఆ గది మెట్లెక్కవని తెలుసు. చేతిలో పెన్నుంది, రాశాను.

రుణం అన్నావు కాబట్టి చెప్తున్నాను, అది నాకే ఉంది నీకు. నువ్వు రాకముందు నా యక్షులు చెట్ల మీద కూర్చుని పాటలు పాడే బొమ్మలు. నీ కోసం ఆ ఒక్క ముక్క రాశాక, గొప్పింటివాళ్ళుంటే మరి కానివాళ్ళ సంగతేంటని ఆలోచించాల్సి వచ్చింది. వాళ్ళకి గర్వం, ఉక్రోషం, పాత పగలు అన్నీ వచ్చాయి. రెండు పక్షాలు పుట్టింది అందులోంచే. నువ్వు నోరు తెరవబట్టి నాకు పన్నెండేళ్ళ కథ దొరికింది. ప్రతి ఆదివారం నేను మెట్లెక్కుతూ సంతోషపడేదాన్ని, ఎప్పుడూ చెప్పలేదు.

బాబాయి బన్నుల గురించి దిగులు పడకు. ఆయన అలిగితే రెండు వారాలు, అంతకు మించి ఆయనకే చేతకాదు.

ఫోన్ మాత్రం చెయ్యకు. మేనేజరు సెలవులో ఉన్నాడు, గదికి తాళం. మోగినా ఎత్తేవాళ్ళు లేరు.

అక్క

*

కళ్ళద్దాల షాపు, కౌంటరు
శనివారం

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నేను నిన్ననే ఫోన్ చేశాను.

ఒక అమ్మాయి ఎత్తింది. నీ పేరు చెప్పడానికి నాకు నిమిషం పట్టింది, పాపం ఓపిగ్గా ఆగింది. తర్వాత, "ఆవిడ మాట్లాడలేరు కదండీ. ఆపరేషన్‌లో గొంతు తీసేశారు కదా. ఏమన్నా ఉంటే చెప్పండి, చీటీ రాసి ఇస్తాను" అంది.

ఫోన్ పెట్టేశాను. అద్దాలు అరగదీసే మిషను ముందు కూర్చుండిపోయాను. ఓనరు వచ్చి మిషను ఆపి వెళ్ళాడు.

ముందు మూడు వారాల ట్రైనింగ్, అట్నుంచటే కొత్త డిపోకి ట్రాన్స్‌ఫర్ అన్నావు. నీ బట్టల పెట్టె నేనే సర్దాను. తువ్వాళ్ళు ఎందుకన్ని అంటే అక్కడ నీళ్ళు బాగుండవన్నావు. నర్సమ్మని నిలదీశాను, ఆస్పత్రిలో నీతోపాటు ఆవిడే ఉందట, ఒట్టు వేయించుకున్నావట. పన్నెండేళ్ళు నాకు మాట తోడున్నదానివి, నీకు మాట పోయిన రోజు నన్ను ఆస్పత్రి గేటు దాకా కూడా రానివ్వలేదు. కోపంగా ఉంది. కోపం కంటే ఎక్కువగా, నువ్వు బతికి ఉన్నావన్న సంతోషం ఉంది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియడం లేదు.

నెలాఖరు ఓటుకి వచ్చెయ్యి. నీ కుర్చీ అలాగే ఉంది, మొదటి రోజు తప్ప నేను స్టూలు తెచ్చుకుని కూర్చుంటున్నాను.

తమ్ముడు

*

బస్ డిపో, దొరికిన సామాన్ల గది
మంగళవారం

నాన్నా,

తిట్టు, పడతాను.

గొంతులో గడ్డ. మాట పలికే పెట్టె మొత్తం తీసెయ్యకపోతే బతకవన్నారు. తీసేశారు. మెడ దగ్గర చిన్న కంత, దాని మీద గుడ్డ కట్టుకుంటాను. ఊపిరి అక్కణ్ణించే. మిషను పెట్టుకుంటే రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఏదో వస్తుందట, నాకొద్దన్నాను. నా గొంతు విని ఊరంతా సామాను సర్దుకుని లేచేది. ఆ తర్వాత రేకు డబ్బా ఎలా పెట్టుకుంటానురా.

నీకెందుకు చెప్పలేదంటే, నీ సంగతి నాకు తెలుసు కాబట్టి. నాకు మాట పోయిందని తెలిస్తే నాతోపాటు నువ్వూ నోరు మూసుకుని కూర్చుంటావు. నిన్ను మాట్లాడించడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది, అది పోగొట్టుకునే ధైర్యం లేదు. అందుకే చెప్పకుండా వచ్చాను, పెట్టె పంపి ఆట నీకు అప్పగించాను. నువ్వు నడుపుతున్నావు. నాకదే పదివేలు.

రమ్మన్నావు. రాలేను. ఆ బల్ల దగ్గర నేను చేసిందంతా నోటితోనే చేశాను. ఇప్పుడొచ్చి గోడ మీద అక్షరాల చార్టులాగా కూర్చోనా? బాబాయి నన్ను చూసి ఏడుస్తాడు, కోర్టు నా కోసం మెల్లిగా మాట్లాడతాడు, ఆ రెండూ చూడలేను. వాళ్ళకి చెప్పకు. ఈ ఒక్కటీ నా మాట విను.

అక్క

*

కళ్ళద్దాల షాపు, మేడ మీది గది
ఆదివారం, ఓటు అయ్యాక

అక్కా,

నేనెవరికీ చెప్పలేదు. ముందుగా అది నమ్ము. నర్సమ్మ కూడా పెదవి విప్పలేదు. ఇప్పుడు రాసేదంతా జరిగింది జరిగినట్టు.

బాబాయి ఖాళీ చేతులతో వచ్చి దూరంగా, కిటికీ పక్కన కూర్చున్నాడు. నర్సమ్మ ఆయన వైపు చూడలేదు. మన పద్ధతి ప్రకారం ఓటంటే పాచిక బల్ల మధ్యలోకి జరపడం కదా, ముగ్గురి పాచికలూ ముగ్గురి గుప్పిళ్ళలో ఉన్నాయి. నేను అడిగేలోపు కోర్టు లేచాడు. చేతిలో టైపు చేసిన కాగితాలు, ఆఫీసు పని ఎగ్గొట్టి కొట్టినట్టున్నాడు.

"అ అ అ అధ్యక్షా, యక్షులకి రాత లేదు. ఒప్పుకుంటాను. ఎందుకు లేదు? అవసరం లేక. నోరున్నవాడు ఎందుకు రాసుకుంటాడు? కాబట్టి ఈ ఉత్తరం రాసిన యక్షిణికి నోరు లేదు. పుట్టుకతో లేకపోతే రాణి అయ్యేది కాదు. అంటే మధ్యలో పోయింది. వాళ్ళ కొలువులో చెప్పనిది జరగనట్టే లెక్క. మాట పోయిన రోజున ఆవిడ లేనట్టే లెక్క. ఆవిణ్ణి మనుషులు చంపలేదు, ఊరికే వెళ్ళిపోనూ లేదు. సొంత చట్టమే ఆవిణ్ణి చెరిపేసింది. సిగ్గుపడి వంతెన దాటి మనుషుల్లోకి వెళ్ళి, నలభై ఏళ్ళు కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకుని మొదట రాసిన ముక్క, వంతెనలు కూల్చకండి అని. ఎందుకు? తిరిగి రావాలని ఉంది కాబట్టి."

నేను తల ఊపలేకపోయానక్కా. నర్సమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోర్టు తన వాదన అంత బాగుందనుకుని కొంచెం పొంగిపోయాడు.

బాబాయి కిటికీ పక్కనుంచి లేచాడు. తర్వాత కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, "నలభై ఏళ్ళు ఆవిడ కోసమేగా నేను కోట మీద కత్తి నూరింది. బతికుంటే చాలు నాకు. మాట లేకపోతే ఏం, రాసి చూపిస్తుంది. అంతమాత్రానికి వెళ్ళిపోతుందా ఎవరైనా?" అన్నాడు. తలుపు పక్షం నాయకుడు మొదటి పాచిక జరిపాడు. వెంటనే నర్సమ్మది, కోర్టుది. తీర్మానం ఇది: ఇకనుంచి యక్షుల కొలువులో రాసింది కూడా చెప్పినట్టే లెక్క. రాణిని వెతికి తీసుకురావాల్సిన బాధ్యత కథ నడిపే మనిషిది.

నేను ఒక్క మాట కూడా అందించలేదు. వాళ్ళే చెప్తారన్నావు, చెప్పారు. బాబాయి ఇప్పుడే బేకరీకి వెళ్ళి బన్నులు తెచ్చాడు. మెట్ల మీద అందరి గొంతులూ వినిపిస్తున్నాయి. ఈ మనుషుల్ని పోగుచేసి నాకిచ్చినందుకు, నీకు జన్మంతా రుణపడి ఉంటాను.

నా బాధ్యత నేను చెయ్యాలి. రా అక్కా.

తమ్ముడు

*

బస్ డిపో, దొరికిన సామాన్ల గది
శుక్రవారం

చిన్నోడా,

నీ ఉత్తరం భోజనాల వేళ చదివాను. బాబాయి అన్న మాట దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి చదివాను. ఫోన్ ఎత్తిన ఆ అమ్మాయి తలుపులోంచి తొంగి చూసి భయపడింది. నేను ఏడ్చినా నవ్వినా ఇప్పుడు మెడలోంచి ఒకటే చప్పుడు వస్తుంది, అది ఏడుపో నవ్వో పోల్చుకోలేక నిలబడిపోయింది. రెండూ అని రాసి చూపించాను.

బాబాయికీ కోర్టుకీ నేను ఏమీ చెప్పకుండా వచ్చేశాను. వాళ్ళు నా సంగతి తెలియకుండానే నా పక్షాన వాదించి గెలిచారు. మనుషులకి ఇంతకంటే ఏం కావాలో నాకు తెలియదు. వాళ్ళ చేతులు పట్టుకోవాలనిపించింది.

ఈ ఆదివారం పదకొండు గంటల బస్సుకి వస్తాను. సెలవు చీటీ రాసిచ్చాను. మెడ గుడ్డ సంగతి, అంతా, వాళ్ళకి ముందే నువ్వే చెప్పు. మెట్లెక్కేసరికి మొదటి ఏడుపులు అయిపోయి ఉండాలి. నా కోసం ఎవరూ మెల్లిగా మాట్లాడొద్దు, నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి. రాణి చెత్త రాస్తే కోర్టు మామూలుగానే అభ్యంతరం చెప్పాలి. నీ స్టూలు తీసెయ్యి. ఆ కుర్చీ నీది, నేను బాబాయి పక్కన కూర్చుంటాను.

రాణి ఏం చెప్పాలో రెండు రోజులుగా రాస్తున్నాను, పుస్తకం సగం నిండింది. నలభై ఏళ్ళు నోరు కుట్టుకున్న మనిషి కదా, చాలా చెప్పాలని ఉంటుంది. అదంతా కొలువులో పైకి చదవడానికి ఒకరు కావాలి. నర్సమ్మ చదువుతానంటుంది, ఒప్పుకోకు. నువ్వే చదవాలి. ఎక్కడ ఆగితే అక్కడ ఆగు, ఎంతసేపైనా పట్టనీ. ఇకమీదట నా మాట నీ నోటే వినాలని ఉందిరా.

అక్క